పరభాషలో తొలి పలుకులు

రాత్రివేళ రేడియో ముల్లును మెల్లగా త్రిప్పుచు ఎక్కడెక్కడి కేంద్రములనో వెదకిన అనుభవము శ్రోతలలో చాలమందికి ఉండియే యుండును. ఎచటనో ఒకచోట ముల్లు నిలుచును. ఎవరో మాటాడుచుందురు. గొంతు స్పష్టముగా వినవచ్చును. మాట మాత్రము ఒక్కటియు బోధపడదు. ఒక పదము ఎక్కడ ముగిసినదో, రెండవది ఎక్కడ మొదలైనదో కూడ తెలియదు. ఏటినీటివలె ధ్వని ఆగక ప్రవహించుచుండును. మనము ఒక నిమిషము విని, నవ్వుకొని, ముల్లును ముందుకు త్రిప్పుదుము.

అట్లు త్రిప్పివేయుటకు వీలులేని మనుష్యుని స్థితిని ఊహింపుడు. ఆ ధ్వనిప్రవాహము నడుమనే అతడు నివసింపవలెను. ఆ భాషలోనే తిండి కొనవలెను, దారి అడుగవలెను, జ్వరము వచ్చినచో వైద్యునకు చెప్పుకొనవలెను. అంతతో తీరదు. జీవితములో అన్నిటికంటె ముఖ్యమని తాను నమ్మిన విషయమును ఆ జనులకు చెప్పుటకే అతడు సముద్రము దాటి వచ్చియున్నాడు. చెప్పవలసినది కొండంత, చేతనున్న మాటలు గుప్పెడు. అన్యదేశములకు వెళ్ళిన క్రైస్తవ మిషనరీలు తొలి నెలలలో పడిన బాధ ఇదియే. వారి ఉద్దేశములతో మనము ఏకీభవించినను, ఏకీభవింపకున్నను, ఈ బాధ మాత్రము పరభాష నేర్వబూనిన ప్రతివానికిని తెలిసినదే. కావున వారిలో ఒకని కథ చెప్పెదను.

అతని పేరు విలియం కామెరన్ టౌన్సెండ్. 1896వ సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కాలిఫోర్నియాలో ఒక పేదకుటుంబమున పుట్టెను. లాస్ ఏంజిలిస్‌లోని ఆక్సిడెంటల్ కళాశాలలో చదువుచు, ఆ చదువు ముగియకమునుపే, 1917లో స్పానిష్ బైబిళ్ళను అమ్ముటకై మధ్య అమెరికాలోని గ్వాటెమాలాకు బయలుదేరెను. అప్పటికి ఇరువదియొక్క యేండ్లవాడు. రాబిన్సన్ అను మిత్రుడు తోడుండెను. అది మొదటి ప్రపంచయుద్ధకాలము. ఆ సంవత్సరము ఏప్రిలులోనే అమెరికా యుద్ధమున దిగియుండెను. టౌన్సెండ్ సైన్యమునుండి విడుదల పొంది మరీ ఓడ యెక్కవలసి వచ్చెను. అక్టోబరులో గ్వాటెమాలా చేరెను. చేరి మూడు నెలలైన కాలేదు, డిసెంబరు చివరను భూకంపములు ఆరంభమై జనవరి ముగియులోగా రాజధాని నగరమును నేలమట్టము చేసెను.

అయితే అతని తొలి పరాభవము భూకంపమువలన కలిగినది కాదు, ఒక చిన్న ప్రశ్నవలన కలిగినది.

వచ్చిన తొలిదినములలోనే అతడు ధైర్యము తెచ్చుకొని, వీథిలో కనబడిన ఒకనిని సమీపించి, తాను కూర్చుకొన్న స్పానిష్ వాక్యమును అప్పగించెను. ప్రభువైన యేసును మీరెరుగుదురా అని అతని భావము. ఆ మనిషి మర్యాదగా విని, క్షమింపుడు, నేను ఈ ఊరికి క్రొత్తవాడను, ఆయన నాకు తెలియదు అని చెప్పి తన దారిని పోయెను.

ఇందులో ఆ మనిషి పరిహాసము చేసినది ఏమియు లేదు. స్పానిష్ భాషలో ‘సెన్యోర్’ అను మాటకు ప్రభువు అనియు అర్థమే, అయ్యగారు అనియు అర్థమే. అంగడివాడును సెన్యోరే, దేవుడును సెన్యోరే. పోగా, మన యేసు వారి నోట ‘హెసూస్’ అగును. ఆ దేశములలో వీథికొక హెసూస్ ఉండును. మన ఊళ్ళలో రామయ్య యెంత సాధారణమైన పేరో అక్కడ హెసూస్ అంత సాధారణము. ఎవరో పరదేశి వచ్చి బందరు బజారులో మనలను నిలిపి, ‘రామయ్యగారు మీకు తెలియునా?’ అని అడిగినచో శ్రీరామచంద్రుని గూర్చి అడుగుచున్నాడని మనకు తోచునా? ఏ రామయ్య, ఏ వీథి అని తిరిగి అడుగుదుము. టౌన్సెండ్ వాక్యములో వ్యాకరణదోషము లేదు. నిఘంటువు చూచినను తప్పు పట్టదు. లోపమెల్ల జనుల వాడుక తెలియకపోవుటలో ఉన్నది. భాష నేర్చువానికి పుస్తకము చెప్పలేనిది ఇదియే.

(ఆ కాలమున గ్వాటెమాలాను 1898 మొదలుకొని పాలించుచుండిన నియంత ఎస్త్రాద కబ్రేరా. ఆ పాలనను మనసులో నుంచుకొని మిగేల్ ఆంహెల్ అస్తూరియాస్ వ్రాసి 1946లో ప్రకటించిన నవలకు పేరు ‘ఎల్ సెన్యోర్ ప్రెసిదెంతె’. 1967లో ఆ రచయితకు నోబెల్ బహుమానము లభించెను. దేవునకును, అంగడివానికిని, నియంతకును ఒకే పిలుపు చాలిన భాష అది.)

స్పానిష్ కష్టమైన భాష కాదని చెప్పుదురు. ఎవరికి కష్టము కాదు అన్నది ప్రశ్న. ఇంగ్లీషు మాతృభాషగా గలవానిని తికమకపెట్టు పెక్కు విషయములు మనకు ఇంటి విషయములవలె తోచును. స్పానిష్ అచ్చులు ఐదు; అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎప్పుడును ఒకే తీరున పలుకును. ఇంగ్లీషువాడు వానిని సాగదీసి వంకరలు తిప్పును, మనము తిప్పము. వారి త, ద లు నాలుక పండ్లకు తగిలి పుట్టినవి. మన త, ద ల వంటివే. ఇంగ్లీషువాడు ఆ చోట తన ట, డ లను తెచ్చిపెట్టును. రేఫము మరియొక చిక్కు. ‘పేరో’ అనినచో ‘కాని’ అని అర్థము. రేఫమును గట్టిగా అదరించి ‘పెఱ్ఱో’ అనినచో కుక్క. మన ప్రాచీనకవులు ర, ఱ లను ప్రాసలో కలుపరాదని పట్టుబట్టిరి; తరువాత మన నోట ఆ భేదము కరగిపోయి బండిఱ బడిపుస్తకమునకే మిగిలినది. స్పానిష్‌వానికి ఇట్టి భేదము నేటికిని సజీవము. దానిని మఱచినవాడు ‘కాని’ అనదలచి కుక్కను పిలుచును.

ఇట్టి జంటలు మరికొన్ని కలవు. ‘ఓంబ్రె’ మనుష్యుడు, ‘ఆంబ్రె’ ఆకలి. ‘కన్సాదో’ అలసినవాడు, ‘కసాదో’ పెండ్లియైనవాడు. ఇక మతబోధకునకు ప్రత్యేకముగా కాచియున్న గోతి ఒకటున్నది. ‘పెకాదో’ పాపము, ‘పెస్కాదో’ చేప. నడుమ ఒక్క సకారము చాలును, దేవుడు మీ చేపలను క్షమించునని బోధించినట్లగును. ‘పెకదోర్’ పాపి, ‘పెస్కదోర్’ జాలరి. యేసు తొలి శిష్యులలో కొందరు నిజముగా జాలరులే గనుక, ఈ రెండవ పొరపాటును వినువారు మన్నింపవచ్చును.

వాక్యనిర్మాణమున కూడ చిత్రములు కలవు. ‘నాకు కాఫీ యిష్టము’ అని మనమందుము. స్పానిష్‌వాడును అట్లే, కాఫీని కర్తగా నిలిపి తనను ‘నాకు’ అను చోట కూర్చుండబెట్టును. ఇంగ్లీషువాడు నేను అనుదానితో మొదలుపెట్టనిదే వాక్యము కదలదనుకొనును. అతనికి ఇది తలక్రిందు లోకము. అట్లే వారికి ‘ఉండు’ అను అర్థమున క్రియలు రెండు. ఒకడు ఎవడో చెప్పుటకు ఒకటి, ఎక్కడ ఎట్లున్నాడో చెప్పుటకు మరియొకటి. మనము ‘అతడు వైద్యుడు’ అని క్రియ లేకుండ చెప్పుదుము. ‘అతడు ఇంట ఉన్నాడు’, ‘అతడు జబ్బుగా ఉన్నాడు’ అని క్రియతో చెప్పుదుము. వారి విభాగము ఇంచుమించు ఇదే. అయితే మనకును చిక్కులేకపోలేదు. ప్రతి వస్తువునకును స్త్రీపుంలింగ భేదమున్నది. ఓకారాంతములు సాధారణముగా పుంలింగములు, కాని చేయి అను అర్థముగల ‘మానో’ స్త్రీలింగము. హిందీ నేర్చుకొనబోయి లింగములదగ్గర చతికిలబడిన తెలుగువారికి ఈ బాధను వర్ణింపనక్కరలేదు.

వీనియన్నిటికంటె గడుసైనది సంబోధన. స్పానిష్‌లో చనవుగా ‘తూ’, గౌరవముగా ‘ఉస్తెద్’. ఈ రెండవది పూర్వము ‘తమ దయ’ అని అర్థమిచ్చు సమాసము నలిగి నలిగి ఏర్పడినది. మన ‘తమరు’ వంటిదనుకొనుడు. గ్వాటెమాలాలో ఈ రెంటితోపాటు ‘వోస్’ అను మూడవది కూడ వాడుకలో నున్నది. స్నేహితులు ఒకరినొకరు వోస్ అనుకొందురు. కాని స్పానిష్ మాటాడు తోటయజమాని ఆదివాసి కూలివానిని వోస్ అనును; ఆ కూలివాడు మాత్రము యజమానిని ఉస్తెద్ అనియే అనవలెను. ‘ఏమిరా’ అన్నవానికి ‘చిత్తము’ అని బదులిచ్చుట ఎట్టిదో మన పల్లెలలో పెరిగినవారికి తెలియును. క్రొత్తగా వచ్చిన యువకునకు ఈ చిన్న మాటలలో ఎంత చరిత్ర దాగియున్నదో ఎట్లు తెలియును? ఇంగ్లీషులో అందరికిని ఒకటే మాట. ఇంకొక వింత, ప్రార్థనలో దేవుని స్పానిష్‌వారు తూ అందురు. మనమును దేవుని నీవనియే పిలుతుము గదా.

ఇట్లు నేర్చువాని దుఃఖము మాటల కొఱతతో ముగియదు. అతడు స్వదేశమున కళాశాల విద్యార్థి, నలుగురిలో మాటాడగలవాడు. ఇచట ఐదేండ్ల బాలుడు కూడ అతని పలుకు విని నవ్వును. తన తెలివి, తన హాస్యము, తన సౌమ్యత అన్నియు మాతృభాషతోపాటు ఓడరేవులోనే దిగబడిపోయినవి. తనకు తెలిసినంత తానని కాక, తాను పలుకగలిగినంతే తానని లోకము ఎంచును. ఈ అవమానమును సహింపలేక తమ దేశస్థుల నడుమనే కాలక్షేపము చేసి, పదియేండ్లకును దుబాసీ లేక గడపదాటలేని వారు ఎందరో కలరు.

టౌన్సెండ్‌ను కాపాడినది అతని వృత్తియే అని నాకు తోచుచున్నది. పుస్తకములు అమ్మువాడు ఇల్లు కదలక తీరదు. కాలినడకను, కంచరగాడిదపైనను ఊరూర తిరిగెను. ప్రతి గుమ్మమునందును అవే నాలుగు మాటలు. నమస్కారము, పుస్తకము, వెల, వందనము. ఒక గుమ్మమున తప్పు పలికినచో తరువాతి గుమ్మమున దిద్దుకొనవచ్చును. సాయంకాలమునకు నలుబది గుమ్మములైనచో నలుబది పాఠములు. ఇరువదవ శతాబ్ది మధ్యకాలమునుండి లాటిన్ అమెరికాకు పోవు మిషనరీలకై కోస్టారికా రాజధానియైన సాన్ హోసేలో స్పానిష్ భాషావిద్యాలయము నడచినది. అచట తరగతులు, గురువులు, పరీక్షలు అన్నియు కలవు. టౌన్సెండ్‌కు అదేమియు లేదు. దుమ్ముదారి అతని బడి.

ఆ దారిలో అతనికి తోడు నడచినవాడు ఫ్రాన్సిస్కో దియస్. సాన్ అంతోనియో అగ్వాస్ కలియెంతెస్ అను గ్రామమునకు చెందిన కక్చికెల్ జాతి ఆదివాసి. నెలల తరబడి ఇద్దరును పల్లెలు తిరిగిరి. రాత్రులు ఒకే కప్పు క్రింద గడపిరి. మాటాడుకొన్నది స్పానిష్‌లోనే. ఇచట శ్రోతలు ఒక విషయము గమనింపవలెను. ఆ స్పానిష్ టౌన్సెండ్‌కు మాతృభాష కాదు, దియస్‌కును మాతృభాష కాదు. ఒకడు మొన్న నేర్చినవాడు. ఒకడు అవసరమై నేర్చినవాడు. 

మాయా నాగరికతకు వారసులైన జాతులలో కక్చికెల్‌లు ఒకరు. 1524లో స్పానిష్ సేనాని పెద్రో దె అల్వరాదో ఆ దేశమును ఆక్రమించి, వారి రాజధానియైన ఇషిమ్చె చెంతనే తన తొలి నగరమును స్థాపించెను. కక్చికెల్‌ను వ్రాతలో మొదట పెట్టినవాడు టౌన్సెండ్ అని కొందరు అనుకొందురు గాని అది సరికాదు. పదునారవ శతాబ్దిలోనే కక్చికెల్‌లు తమ వంశచరిత్రను తమ భాషలో లాటిన్ అక్షరములతో వ్రాసికొనిరి; పదునేడవ శతాబ్దిలో తోమాస్ దె కోతో అను ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆ భాషకు గొప్ప నిఘంటువు కూర్చెను. వెనుకటి మతబోధకులు వారి భాషను శ్రద్ధగా నేర్చినవారే. తరువాత రాజనీతి మారెను. 1770లో స్పెయిన్ రాజగు మూడవ చార్లెస్, తన సామ్రాజ్యమున ఆదివాసి భాషలు అంతరించి స్పానిష్ ఒక్కటియే నిలువవలెనని శాసించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప కూడ న్యాయస్థానము, బడి, పన్ను, కాఫీతోటల ఋణపత్రము, అన్నియు స్పానిష్‌లోనే నడచెను. తాను చదువలేని పత్రముపై వ్రేలిముద్ర వేసి, ఆ ఋణము తీరువరకు తోటలో చాకిరి చేయుట కక్చికెల్ కూలివాని బ్రదుకు.

ఇప్పుడు టౌన్సెండ్ తొలి నెలల అవమానమును మరల తలంపుడు. పలుకలేనివానిని లోకము తెలివిలేనివానిగా ఎంచుట అతడు కొన్ని నెలలు చవిచూచెను. దియస్ జాతివారు దానిని నాలుగు వందల యేండ్లుగా, అదియు తమ సొంత నేలపై, చవిచూచుచుండిరి. స్పానిష్ తప్పుగా పలికిన అమెరికనును జనులు నవ్వి మన్నింతురు. స్పానిష్ తప్పుగా పలికిన ఆదివాసిని మూర్ఖుడందురు. తాను తడబడియుండనిచో ఈ భేదము టౌన్సెండ్ కంట పడియుండునా అని నా సందేహము. చక్కగా పలుకగలిగినవాడు నేరుగా అంగడివీథులలోనే నిలిచిపోయి తృప్తిపడియుండును.

జనాభాలో సగమునకు మించి ఆదివాసులుగల దేశమున, వారిలో పెక్కుమందికి పట్టుబడని భాషలో అచ్చైన పుస్తకములను అతడు వీపున మోయుచుండెను. అట్టి పల్లెలలో అతనికి ఎదురైన ప్రశ్న తరువాతి కాలమున పలుమార్లు చెప్పబడినది. నీ దేవుడు అంత గొప్పవాడైనచో మా భాష ఏల ఎరుగడు అని ఒక కక్చికెల్ అడిగెనట. మతమునందు విశ్వాసము లేనివారికి కూడ ఈ ప్రశ్న న్యాయమైనదిగనే తోచును. హెసూస్ గారు నాకు తెలియదన్న బాటసారి మాటకంటె ఇది లోతుగా దిగెను. ఆ మాటకు వాడుక నేర్చుకొన్నచో సమాధానము దొరకును. ఈ మాటకు భాషనే మార్చుకొనవలెను.

అంతట స్పానిష్ చేతికి వచ్చుచున్న సమయముననే అతడు మరల ఓనమాలకు దిగెను. 1919లో దియస్ గ్రామముననే ఆదివాసి బాలురకు చిన్న బడి పెట్టబడెను. ఆ యేడే అతనికి ఎల్విరా మాల్మ్‌స్ట్రోమ్ అను మిషనరీతో వివాహమయ్యెను. దంపతులు కక్చికెల్ గ్రామమున కాపురముండి ఆ భాష నేర్వసాగిరి.

స్పానిష్ బాధలు దీని యెదుట ఆటలు. మనకు ‘క’ యని తోచు ధ్వనులు అందు నాలుగు. ఒకటి మన కకారము వంటిది, ఒకటి గొంతు లోపలినుండి వచ్చునది. ఆ రెండును మరల కంఠమును బిగబట్టి టక్కున విడిచినచో వేరు రెండు. ఆ బిగింపు మఱచినచో మాట మారిపోవును. క్రియాపదము మరింత గహనము. ఎవరు, ఎవరిని, ఎప్పుడు అన్నవి క్రియకు ముందును వెనుకను అతుకుకొని, ఒక్క ధాతువే వేల రూపములు దాల్చును. టౌన్సెండ్ మొదట తాను బడిలో నేర్చిన లాటిన్ వ్యాకరణపు మూసలో ఈ క్రియలను పోయ యత్నించెను. అవి ఆ మూసలో నిలువలేదు. ఒక అమెరికా పురాతత్త్వవేత్త అతనితో మాటాడుచు, ఆ మూసను వదలి ఆ భాష తన్ను తాను ఎట్లు కట్టుకొన్నదో చూడుమని సలహా యిచ్చెను. అప్పటినుండి పని సాగెను. మన తెలుగునకు 1814లో శ్రీరామపురమున వ్యాకరణము ప్రకటించిన విలియం కేరీ కూడ మిషనరీయే. తెలుగుదేశమున కాపురముండక, వంగదేశమున కూర్చుండి చేసిన పని అది. గ్రామమున జనులతో కలసి బ్రదుకుచు నేర్చుట వేరు త్రోవ.

సుమారు పదియేండ్లు పట్టెను. ట్రినిదాద్ బాక్ మొదలగు కక్చికెల్ సహాయకులు ప్రక్కన కూర్చుండి మాటమాటను సరిచూడగా, క్రొత్తనిబంధన అనువాదము 1929లో పూర్తియై 1931లో అచ్చయ్యెను. 1934లో టౌన్సెండ్ తన దేశమునకు పోయి, ఆర్కన్సా రాష్ట్రమున ఒక పల్లెలో, వ్రాత లేని భాషలను ఎట్లు నేర్వవలెనో బోధించు వేసవి పాఠశాల తెరచెను. ఆ యేడు విద్యార్థులు ఇద్దరు. సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లింగ్విస్టిక్స్ అను పేర ప్రపంచమంతట వ్యాపించిన సంస్థకు అది ఆరంభము.

ఆ సంస్థపై విమర్శలు లేకపోలేదు. భాషాశాస్త్రము ముందు నిలిపి మతప్రచారము వెనుక నడిపించుచున్నారనియు, ఆదివాసుల ఆచారములను చెరపుచున్నారనియు మానవశాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. 1971లో బార్బడోస్ ద్వీపమున సమావేశమైన మానవశాస్త్రజ్ఞులు ఆదివాసుల నడుమ మిషనరీ కార్యములను నిలిపివేయవలెనని ప్రకటించిరి; 1979లో మెక్సికో ప్రభుత్వము ఆ సంస్థతో తన ఒడంబడికను రద్దుచేసెను. ఈ ఆక్షేపణలను త్రోసిపుచ్చుట సులభము కాదు. భాష నేర్చినవానికి ఆ జనుల హృదయద్వారము తెరచుకొనును. ఆ ద్వారమున అతడు ఏమి కొనిపోవుచున్నాడో అడుగు హక్కు ఇంటివారికి ఉండనే ఉన్నది. గ్వాటెమాలాలో నేటికిని ప్రభుత్వభాష స్పానిషే. అయినను 2003లో వచ్చిన చట్టము కక్చికెల్‌తో కూడ ఇరువది రెండు మాయా భాషలను జాతీయభాషలుగా గుర్తించినది. కక్చికెల్ మాటాడువారు నేడు సుమారు నాలుగు లక్షలు.

టౌన్సెండ్ 1982లో మరణించెను. అంతకు పదునాలుగేండ్ల ముందు, 1968లో, అతడు సోవియట్ యూనియన్‌కు వెళ్ళెను. కాకసస్ పర్వతప్రాంతమున చిన్న చిన్న భాషలు ఎన్నో కలవని, వానికి అచట బడులలో స్థానమిచ్చినారని విని చూడబోయెను. అందుకు రష్యను రావలెను. అక్షరములే వేరు, నోరు తిరుగని హల్లుల గుంపులు. అతడు రష్యను పాఠములు మొదలుపెట్టెను. అప్పటికి వయస్సు డెబ్బది రెండు.